గడులు, గవ్వలు, మా అత్తమ్మ

పోయిన సంవత్సరం డిగ్రీ మొదటి ఏడాది పిల్లలకు జాతీయాలు చెబుతున్నాను. "పాచిక పారింది" అనే మాట దగ్గరికి వచ్చాం. వేసిన ఎత్తు ఫలించింది అని అర్థం చెప్పి, వాక్యంలో పెట్టి చూపించి, తరవాతి మాటకు పోబోతుంటే వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది.

"మేడమ్, అసలు పాచిక అంటే ఏమిటి?"

"జూదంలో దొర్లించేదమ్మా. పొడుగ్గా నాలుగు పలకలుగా వుంటుంది. ఎముకతోనో, దంతంతోనో, ఇత్తడితోనో చేస్తారు. పలకల మీద చుక్కలుంటాయి."

"దాంతో ఎలా ఆడతారు మేడమ్?"

చెప్పొద్దూ, గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. "లూడోలాగా" అని ఎవరో అందించారు. "అష్టాచెమ్మలాగా" అన్నాడు ఇంకొకడు. "అది సినిమా కదరా!" అన్నాడు వాడి పక్కవాడు. క్లాసంతా గొల్లుమంది. వాడన్నదీ నిజమే. 2008లో ఆ పేరుతో ఒక సినిమా వచ్చింది, బాగానే ఆడింది. నేనూ నవ్వేసి, గంట కొట్టగానే బయటపడ్డాను.

స్టాఫ్ రూములో కూర్చున్నాక మాత్రం నవ్వు రాలేదు. మన భాష నిండా ఈ ఆటలే. పావులు కదుపుతున్నారంటాం, ఎత్తుకు పైఎత్తు వేశాడంటాం, ఆట కట్టించామంటాం, బాగుపడుతున్నవాడు ఒక్కసారిగా కిందపడితే పెద్దపాము మింగిందంటాం. ఎన్నికల రోజుల్లో పత్రికలు తిరగెయ్యండి, సగం శీర్షికలు చదరంగం బల్లమీదనుంచీ వైకుంఠపాళి పటంలోనుంచీ వచ్చినవే. అయ్యలరాజు నారాయణామాత్యుడి హంసవింశతిలో పిల్లల ఆటల పేర్లు బారులు తీరి వుంటాయి. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వచ్చిన తమ "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"లో, ఏ కావ్యంలో ఏ ఆట వుందో పనిగట్టుకుని ఏరి పెట్టారు. 1955లో సాహిత్య అకాడమీ బహుమానం అందుకున్న గ్రంథం అది. ఎం.ఏ.లో వాటి మీద పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని నేను. కాని పేరు వేరు, ఆట వేరు. పేరు పుస్తకంలో పడుకుని వందల ఏళ్ళు బతుకుతుంది. ఆట అట్లా బతకదు కాబోలు.

ఆ వేసవిలోనే మా అన్నయ్య ఫోన్ చేశాడు. "పాతిల్లు కూలగొట్టిపిస్తున్న. నీకేమన్న కావాలంటె వచ్చి చూసుకో."

మాది చేవెళ్ల అవతల ఒక పల్లె. మెహిదీపట్నంలో బస్సెక్కితే లంగర్‌హౌస్, మొయినాబాద్ మీదుగా చేవెళ్ల సుమారు నలభై కిలోమీటర్లు. చిన్నప్పుడు ఈ దారంతా మర్రిచెట్ల నీడే. రెండువైపుల కొమ్మలూ పైన కలుసుకుని పందిరి వేసినట్టుండేది. రోడ్డు వెడల్పు చెయ్యబోతే ఈ మర్రిచెట్ల కోసమే ప్రకృతి ప్రేమికులు హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళారు. ఆ గొడవ అలా వుంచండి. నాకు ఆ చెట్లు మరో కారణంగా జ్ఞాపకం. వాటి మొదళ్ళలో బండరాళ్ళ మీద బొగ్గుతోనో సుద్దతోనో పులి-మేక గీసి, బస్సు వచ్చేదాకా పెద్దమనుషులు ఆడుతూ వుండేవాళ్ళు. బస్సు వచ్చినా లేవని వాళ్ళను నేను ఎరుగుదును.

ఇంటికి వెళ్ళేసరికి వాకిట్లో సామానంతా కుప్పగా వుంది. వదిన నన్ను నేరుగా ధాన్యపు గుమ్మి దగ్గరికి తీసుకుపోయింది. గుమ్మి తీసేశారు. కింద ఎత్తుకు పెట్టిన దిమ్మలు మిగిలాయి. వాటిలో ఒకటి నల్లగా, జిడ్డుగా, కాస్త పొడుగ్గా వుంది. తిరగేసి చూద్దును గదా, రెండు వరసల్లో ఏడేసి గుంతలు! మా ఓమనగుంతల పీట. పుస్తకాల్లో వామనగుంటలు అని రాస్తారు. ఎన్నేళ్ళు ఆ ధాన్యం బరువు మోసిందో. ఒక మూల చెద పట్టింది గాని, గుంతలు మాత్రం చేతివేళ్ళు తిరిగి తిరిగి నున్నగా అద్దాల్లా వున్నాయి.

"ఇది అత్తమ్మది" అన్నాను.

"ఆమెకు జూపెట్టు. మా మీద మాత్రం చెప్పకు" అంది వదిన భయంగా.

మా అత్తమ్మ అంటే మా నాన్నకు అక్క. ఇప్పుడు ఎనభై ఆరేళ్ళు. పెళ్ళయిన మూడేళ్ళకు, పదహారో యేట భర్త పోతే పుట్టింటికి వచ్చింది. ఇక మళ్ళీ గడప దాటలేదు. మా చిన్నతనంలో ఆమె ఇంటికి దొరసాని. వంట, పాడి, పిల్లలు అన్నీ ఆమె చేతిమీదే. మధ్యాహ్నం భోజనాలై గిన్నెలు బోర్లించాక మాత్రం కొంగున ముడి విప్పి గవ్వలు తీసేది. ఆ ముడి విప్పిన చప్పుడుకు నేనూ, అన్నయ్యా, చిన్నాన్న పిల్లలూ ఎక్కడున్నా వచ్చి వాలేవాళ్ళం.

అష్టాచెమ్మ ఎరగనివాళ్ళ కోసం రెండు మాటలు. నిలువుకు అయిదు, అడ్డానికి అయిదు, ఇరవై అయిదు గడులు. నాలుగు వైపులా నడిమి గడి మీద ఇంటూ గుర్తు. అది ఇల్లు. అక్కడ కూర్చున్న కాయను ఎవరూ చంపలేరు. మధ్య గడి అందరిదీ. ఒక్కొక్కరికి నాలుగు కాయలు. నాలుగు గవ్వలు వేస్తే వెల్లకిల పడ్డవెన్నో అన్ని గడులు నడవాలి. నాలుగూ వెల్లకిల పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. ఈ రెంటిలో ఏది పడ్డా ఇంకో పందెం వుంటుంది. బయటి పదహారు గడులూ చుట్టి, లోపలి ఎనిమిది గడుల్లోకి దిగి, అక్కణ్ణుంచి నడిమింట్లో చేరాలి. అయితే ఎదుటివాళ్ళ కాయ ఒక్కటైనా చంపందే లోపలికి దారి లేదు. ఎంత సాధువైనా ఒక్క హత్య చెయ్యక తప్పదన్నమాట!

కాయలంటే ఏ దుకాణంలోనూ కొన్నవి కావు. ఒకరివి గాజుముక్కలు, ఒకరివి సీతాఫలం గింజలు, ఒకరివి మిరపతొడిమలు, అత్తమ్మవి ఎప్పుడూ కందిగింజలు. గవ్వలు పోతే చింతగింజల్ని బండమీద ఒక పక్క తెల్లబడేదాకా రాకి వాటితో ఆడేవాళ్ళం. రాకిన గింజ చురుక్కుమని కాలుతుంది. దాన్ని పక్కవాడి చేతికి అంటించడం మా అన్నయ్యకు మహా సరదా.

ఈ ఆటలోనే నాకు ఎంతో ఇష్టమైన మాట ఒకటుంది. నడిమింటికి చేరిన కాయను చేరిందనరు, పండింది అంటారు. కాయ పండయింది! ఏ పండితుడూ కూర్చుని కల్పించిన మాట కాదు. మధ్యాహ్నం పూట అరుగుల మీద కూర్చున్న ఆడవాళ్ళు తయారుచేసుకున్న తెలుగు. మరి పందెం? మనకు పందెమంటే ఒడ్డే డబ్బు. మా అత్తమ్మ దగ్గర పందెమంటే గవ్వలు వెయ్యడం. "నీ పందెం" అంటే నీ వంతు అని. మా ఇంట్లో జన్మలో ఎవరూ పైసా ఒడ్డింది లేదు గాని పొద్దుగూకులూ పందేలే.

పీట తీసుకుని అత్తమ్మ గదిలోకి వెళ్ళాను. చూపు బాగా తగ్గింది. మంచంమీద కూర్చుని వుంది. పీట ఒళ్ళో పెట్టాను. రెండు చేతులతో తడిమింది. బొటనవేలు ఒక్కొక్క గుంతలోనూ తిప్పింది. ఏడో గుంత దగ్గర ఆగింది.

"గీడ చెద తిన్నది" అంది.

"అవునత్తమ్మా."

"గుమ్మి కింద పెట్టిండ్రు. నాకెర్కలేదా? పెట్టినప్పుడు చూసిన."

వదిన గుమ్మం దగ్గరనుంచి మెల్లిగా జారుకుంది.

నేను సంచీలోంచి నోటుబుక్కు తీశాను. క్లాసులో ఆ అమ్మాయి అడిగింది మొదలు నా మనసులో వున్నదదే. అత్తమ్మ బతికుండగా ఈ ఆటల పద్ధతులన్నీ రాసి పెట్టుకోవాలి. "ఓమనగుంతల్లో మొదట గుంతకు ఎన్నెన్ని గింజలు పొయ్యాలత్తమ్మా? ఎటు తిరగాలి? వరసగా రెండు గుంతలు ఖాళీగా వుంటే ఏం చెయ్యాలి?" అని పరీక్షాధికారిలా ప్రశ్న తరవాత ప్రశ్న వేశాను. ఆమె కాసేపు ఆలోచించింది. ఒకటి చెప్పింది, కాదంది, మరొకటి చెప్పింది, అదీ కాదంది. విసుగొచ్చింది.

"చెప్పుమంటె చెప్పరాదు బిడ్డా. గింజలు తే."

వంటింట్లోంచి చింతగింజలు తెచ్చాను. అంతే. ఆ చేతులకు ఎవరూ ఏమీ గుర్తు చెయ్యక్కర్లేకపోయింది. గుప్పెట్లోంచి గుంతకు అయిదేసి, లెక్కపెట్టకుండానే రాలాయి. ఒక గుంత ఎత్తి ఒక్కొక్కటే పంచుకుంటూ పోయింది. చివరి గింజ పడ్డాక ఆ పక్క గుంతలోవి ఎత్తి మళ్ళీ పంచింది. పక్కది ఖాళీ అయితే దాన్ని వేలితో తుడిచి, ఆపై గుంతలో గింజలు కొంగులోకి లాగింది. ఏ గుంత ఎత్తితే ఎక్కడ తేలుతుందో ముందే తెలుసామెకు. బడి మొహం చూడని మనిషి. మూడు ఆటలు వరసగా ఓడిపోయాను. నా వరసలో నింపుకోవడానికి గింజలు చాలక రెండు గుంతలు బోసిపోయి కూర్చున్నాయి. నోటుబుక్కులో మాత్రం అప్పుడు రాశాను, ఆమె చేతుల్ని చూస్తూ.

ఇట్లాంటిదే ఒక సంగతి చదివాను. ఇరాక్‌లోని ఊర్ అనే ప్రాచీన నగరంలో 1920లలో లియొనార్డ్ వూలీ తవ్వకాలు జరిపితే, రాజుల సమాధుల్లో ఇరవై గడుల ఆటపలకలు దొరికాయి. నాలుగున్నర వేల ఏళ్ళ నాటివి. పలకలున్నాయి, పావులున్నాయి, ఆడే తీరు చెప్పేవాళ్ళే లేరు. క్రీస్తుకు పూర్వం 177 ప్రాంతంలో బాబిలోనియా లేఖకుడొకాయన మట్టిపలక మీద రాసిన దాన్ని బ్రిటిష్ మ్యూజియం పండితుడు ఇర్వింగ్ ఫింకెల్ చదివి, ఆ ఆట పద్ధతిని కొంత పట్టుకున్నాడు. అసలు వింత ఇంకా వుంది. అటువంటి గడుల పలకే కొచ్చిలోని యూదుల ఇళ్ళల్లోనూ వుండేదట. కొచ్చి విడిచి ఇజ్రాయెల్‌లో స్థిరపడిన ఒక ముసలి టీచరమ్మను అడిగితే, చిన్నప్పుడు ఆడిన జ్ఞాపకంతో ఎలా ఆడేవాళ్ళో చెప్పగలిగింది. రాజుల సమాధులు చెప్పలేనిది ఒక టీచరమ్మ చెప్పింది.

మన ఓమనగుంతలకూ లోకమంతా చుట్టాలే. తమిళులకు పల్లాంగుళి, కన్నడిగులకు అళిగుళి మణె, ఘానాలో ఒవారే. దాడి ఆట మరీ చిత్రం. ఒకదానిలో ఒకటిగా మూడు చతురస్రాలు గీసి, తొమ్మిదేసి కాయలతో మనం ఆడే ఆ ఆటనే ఇంగ్లండులో చర్చీల రాతిబల్లల మీద గీసుకున్నారు. షేక్‌స్పియర్ కూడా తన "మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్" నాటకంలో దాని ప్రస్తావన తెచ్చాడు. ఇక మన పచ్చీసు సముద్రం దాటిపోయి, గవ్వలు వదిలేసి పాచికను పట్టుకుని, 1896లో ఇంగ్లండులో లూడో అనే పేరుతో పేటెంటు పుచ్చుకుని తిరిగివచ్చింది. ఇంటిపిల్ల దొరసాని వేషంలో వస్తే మనం గుర్తుపట్టలేదు, కుర్చీ వేశాం. మైసూరు మహారాజు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు (1794–1868) ఈ బల్లమీది ఆటలంటే చెవి కోసుకునేవాడు. తానుగా కొత్త ఆటలు కల్పించాడు కూడా. అంతటి రాజుకూ ఎదురు కూర్చునే మనిషి కావాలి గదా!

ఆ మాటే అత్తమ్మ ఆ సాయంత్రం మరో విధంగా అంది. దీపాల వేళ పక్కన కూర్చుని, "నీకు ఈ ఆటలంటే ఎందుకత్తమ్మా అంత పిచ్చి?" అని అడిగాను, ఊరికే, మాటవరసకు.

"పిచ్చేందే" అంది. "అష్టాచెమ్మ నాలుగు దిక్కుల ఆట. ఎదురెదురోళ్ళు జోడీ. ముగ్గురుంటె జోడీ కుదరది. పేరంటానికి నన్నెవలు పిలుస్తరు? పెండ్లికి పొలగాన్ని ముంగట పెట్టి నన్ను ఎనుక అర్రల కూసోమంటరు. గని పగటియాల్ల నాలుగో మనిషి దొరకకుంటె, 'వదినె, జర రా' అని మీ అమ్మ పిలిచేది. నేను పోయి కూసుంటేనే ఆట షురువు."

నేనేమీ అనలేకపోయాను. నలభై అయిదేళ్ళ వయస్సులో మొట్టమొదటిసారి ఆ మధ్యాహ్నాలు ఆమె వైపునుంచి కనిపించాయి. మా అమ్మ పోయి ఆరేళ్ళయింది. అమ్మ కావాలనే ఆమెను పిలిచేదేమో, నాలుగో మనిషి వున్నా దొరకలేదనేదేమో. అడగడానికి మనిషి లేదు.

ఆ ఆటలు మా ఇంట్లో ఎప్పుడు ఆగాయో మాత్రం నాకు బాగా జ్ఞాపకం. 1988లో దూరదర్శన్‌లో ఆదివారం ఆదివారం మహాభారతం మొదలైంది. మా వాడకు మొదటి టీవీ మా ఇంటికే వచ్చింది. జూదం ఘట్టం నాడు వాకిట్లో కాలు పెట్టే సందు లేదు. శకుని పాచికలు దొర్లిస్తుంటే ఊరంతా ఊపిరి బిగబట్టి చూస్తోంది. అత్తమ్మ ఒక్కతే గట్టిగా, "వాడు ఏసుడే తప్పు. గట్ల ఏస్తె నేనైతె ఒప్పుకోకపోదు" అంది. అందరూ "ష్" అని కసిరారు. తరవాత ఆదివారాలు పోయి శనివారాలు, శనివారాలు పోయి రోజూ. టీవీకి నాలుగో మనిషితో పని లేదు. జూదం చూసి జూదం మానేసిన ఇల్లు మాది. ఆ తరవాత నాకు చదువు, హాస్టలు, ఉద్యోగం, సంసారం. ఊరికి వెళ్ళినా అత్తమ్మ మంచం పక్కన పావుగంటకు మించి కూర్చున్నది లేదు. "మంచిగున్నవా?" "మంచిగున్న." అంతటితో మాటలైపోయేవి.

మర్నాడు ఆదివారం. మా అమ్మాయి పట్నం నుంచి వచ్చింది. ఇంటర్మీడియెట్ చదువుతోంది. 2020లో లాక్‌డౌన్ రోజుల్లో అందరి పిల్లల్లాగే ఫోనులో లూడో ఆడి ఆడి అరిగిపోయిన పిల్ల. అమ్మమ్మకు చూపిస్తానని ఫోను ముందు పెట్టింది. అత్తమ్మ మొహం దగ్గరగా పెట్టుకుని చూసింది.

"మిగిలినోళ్ళు ముగ్గురు ఏరి?"

"కంప్యూటరే ఆడుతుందమ్మమ్మా. ముగ్గురి తరఫునా అదే."

"అదే ఏసి అదే చూసుకుంటదా? తొండి చేస్తె నాకెట్ల తెలుస్తది?"

మా అమ్మాయి దగ్గర దానికి జవాబు లేదు. ఫోను పక్కన పెట్టి సుద్దముక్క వెతకడానికి లేచింది.

అన్నయ్య బయట జేసీబీవాడితో మాట్లాడుతున్నాడు. మా అరుగుమీది షాబాదు బండ మీద ఏ కాలంలో ఎవరు చెక్కారో పులి-మేక గీతలున్నాయి. మూడు పులులు, పదిహేను మేకలు. పిల్లలమందరం పులులకోసం కొట్టుకునేవాళ్ళం. అత్తమ్మ ఎప్పుడూ మేకలే తీసుకునేది. పులి దూకి మేకను తినాలంటే వెనక చోటు ఖాళీ వుండాలి. ఆమె మేకలు ఒకదాని వెనక ఒకటి ఆనుకుని నిలబడేవి. చూస్తూ చూస్తూండగానే మూడు పులులూ కదలలేక చతికిలబడేవి. నేపాలువాళ్ళకూ ఇట్లాంటి ఆట వుంది. వాళ్ళవి నాలుగు పులులు, ఇరవై మేకలు. ఆ బండ తియ్యబోతే గడ్డపార తగిలి అడ్డంగా చిట్లింది. అన్నయ్య రెండు ముక్కలనూ వేపచెట్టు కింద కలిపి పరిపించాడు. కొత్తింటి ముందర గ్రానైటు వేస్తాడట. సరే, ఇల్లు అతనిది.

"అన్నా, నాలుగో మనిషి కావాలె, రా" అని పిలిచాను. అతనికి నవ్వొచ్చింది. జేసీబీవాణ్ణి గంట ఆగమని వచ్చి అత్తమ్మకు ఎదురుగా కూర్చున్నాడు. ఎదురెదురువాళ్ళు జోడీ. అత్తమ్మా అన్నయ్యా ఒకవైపు, నేనూ మా అమ్మాయీ ఒకవైపు. అత్తమ్మ కొంగు ముడి విప్పింది. ఇన్నేళ్ళూ ఆ నాలుగు గవ్వలూ అక్కడే వున్నాయి!

ఆమె గవ్వలు వేసి చూడదు, తడుముతుంది. బోర్లాపడ్డదేదో వెల్లకిల పడ్డదేదో వేలి కొసకు తెలుసు. మా అమ్మాయి తొలిసారి గవ్వలు విసిరితే ఒకటి మంచం కిందికి పోయింది. రెండోసారి చెమ్మ పడింది. "ఇంకో పందెం, ఇంకో పందెం" అని అత్తమ్మే కేక పెట్టింది, ఎదటి జట్టు అని కూడా చూడకుండా. అన్నయ్య నా గాజుముక్కను రెండుసార్లు చంపాడు. రెండోసారి, చిన్నప్పటిలాగే, కావాలని పళ్ళికిలించాడు. పాతిల్లు పంపకం విషయంలో మా ఇద్దరి మధ్యా రెండేళ్ళుగా నలుగుతున్న మాట ఒకటి వుంది. ఆ గంటలో అది ఎవరికీ జ్ఞాపకం రాలేదని చెప్పను. వచ్చింది. కాని పందెం నాది. గవ్వలు నా చేతిలో వున్నాయి. వెయ్యాలి.

గంట కాస్తా మూడు గంటలైంది. జేసీబీవాడు వెళ్ళిపోయాడు. చీకటి పడుతుందని మేము బస్సుకు లేవవలసి వచ్చింది. అత్తమ్మ కాయలు మూడు పండాయి. నాలుగోది లోపలి వరసలో, నడిమింటికి ఒక్క గడి దూరంలో ఆగిపోయింది. ఆమెకు ఒకటి పడాలి, ఒక్కటే. పోనీ నువ్వే గెలిచావు అనబోయాను. ఆమె వినేలా లేదు.

మరునాడు రాత్రి అన్నయ్య ఫోన్ చేశాడు.

"ఏమిటన్నా?"

"ఏం లేదు. అర్ర ఊడ్వనిస్తలేదు. గడుల మీద చాట బోర్లిచ్చి పెట్టింది, కాయలు కదులుతయట. మళ్ళ ఐతారం వస్తవా రావా అడుగుమన్నది." కాసేపు ఆగి అన్నాడు, "నీదే పందెమట."